ఇంకో పడవ వస్తుందిలే

గ్రీసు దీవిలో ఎస్తేరక్క ఎవడి కోసమో ఉండిపోయిందని, అందుకే పని పోయి ఇంటికొచ్చేసిందని మా వీధిలో చెప్పుకుంటారు. బడి మానేసిన దగ్గర్నుంచి నేను ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్నాను. అడగాలని ఉన్నా ఎప్పుడూ అడగలేదు.

అక్క ఏథెన్సులో ఒక ముసలావిడను చూసుకునేది. ఆరేళ్ళలో ఒకే ఒక్కసారి రెండు రోజులు సెలవు దొరికితే, తనలాగే ఇళ్ళల్లో పనిచేసే సెల్వి, రోజ్‌లతో కలిసి ఆ దీవికి వెళ్ళింది. ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నవ్వుతున్న ఫొటో కుట్టు మిషను ఎదురుగా గోడకుంది. వెనకాల కొండ నిండా తెల్లటి ఇళ్ళు.

నిన్న ఆ ఫొటో తుడుస్తూ తనే చెప్పింది.

"రెండో రోజు సాయంత్రం పడవ కూతేసింది. వాళ్ళు పదమంటున్నారు. నాకేమో నీళ్ళల్లోంచి రాబుద్ధి కాలేదు. ఇది పోతే ఇంకోటి వస్తుందిలే అన్నానే."

"నమ్మేరా అక్కా?"

"'నీళ్ళ మధ్య పుట్టిన పిల్ల, దీనికి తెలియదా?' అంది రోజ్. ఇద్దరూ మళ్ళీ నీళ్ళల్లోకొచ్చేరు."

మర్నాడు తిరిగి వెళ్ళేసరికి ముగ్గురికీ పని లేదు. ఎవరి దేశానికి వాళ్ళు పోయేరు. సెల్వి నంబరు మోగదు. రోజ్ నంబరుకి ఇంకెవరో పలుకుతారు. అక్క ఇప్పటికీ ఆదివారం చర్చి నుంచి వచ్చేక రెండు నంబర్లకీ ఫోను కలిపి చూస్తుంది.

మా సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు వెళ్ళిపోతే ఎవరూ పరిగెత్తరు. కాసేపట్లో ఇంకోటి వస్తుంది. ఆ దీవి నుంచి ఆ రోజుకి అదే ఆఖరి పడవ.