రూప్లికి నేను చేసిన పెండ్లి

పెండ్లి కాని పిల్లకు పెండ్లయిందని చెప్పి, కాలేజీలో ఆమె పేరు కొట్టేయించాను. ఇరవై ఏళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో అటెండరుగా పనిచేశాను. దగ్గర్లోని లంబాడీ తండా నుంచి అక్కడికొచ్చిన మొదటి ఆడపిల్ల రూప్లి. శ్రావణంలో ఒకరోజు నా దగ్గరికొచ్చింది.

"తీజ్ పండుగ కాకా. తొమ్మిది దినాలు రాను. పెండ్లిగాని పిల్లలమే గోధుమలు చల్లిన బుట్టలకు నీళ్లు పొయ్యాలె. సార్‌కు జెర చెప్పు."

సరేనన్నాను.

వారానికి ప్రిన్సిపాల్ అడిగాడు, ఆ తండా పిల్ల ఏదయ్యా అని. పండుగకు పోయిందనొచ్చు కదా? ఒక్క మాట. అనలేదు. "పెండ్లయిపోయింది సార్" అన్నాను. ఆయన నవ్వాడు. "వీళ్లింతే" అని హాజరుపట్టీలో ఎర్రగీత కొట్టి, ఆ సీటు ఎవరో సర్పంచి చుట్టానికి ఇచ్చేశాడు.

ఎందుకన్నాను? అదేం పండుగ అని ఆయన వెటకారం చేస్తాడని భయమా? కాదు. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను. నాకు దొరకని బెంచీ తండా పిల్లకు దొరికిందన్న కుళ్లు. దసరాకు సెలవు, రంజానుకు సెలవు, తీజ్‌కు ఎర్రగీత! ఆ కాలేజీని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ గీత గీయించింది ఎవరు?

పదో రోజు రూప్లి వచ్చింది, జడలో లేత గోధుమ మొలకలు తురుముకుని. "నీకు గూడ తెచ్చిన కాకా" అని గుప్పెడు మొలకలు నా చేతిలో పెట్టింది. పేరు కొట్టేశారని చెప్పాను.

"ఎందుకు? చెప్పమన్న గద?"

"చెప్పిన. సారు ఇనలే."

అది రెండో అబద్ధం. సారునే అడుగుతానంటే, సీటు నిండిందని గేటు దగ్గరే తిప్పి పంపాను. తర్వాత మందుల కంపెనీలో గోలీలు ప్యాక్ చేసే పనికి పోతోందని విన్నాను.

మొన్న ముత్తంగి బస్టాపులో కనబడితే పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. సిగ్గులేకుండా నా గుండె తేలికైంది. ఆమె ఇలా అన్నది:

"మాఫీ నన్నడగకు కాకా. నా బిడ్డ గా కాలేజీలనే చేరింది. తీజ్ వస్తున్నది. నీకు రాయొస్తది గద? తొమ్మిది దినాల సెలవుకు దరఖాస్తు రాయి. నువ్వే పట్కపో. పెండ్లి గాలేదని గూడ రాయి."