ఎడమ కాలికి పనిలేని బండి

ఎవరో విదేశీ మేనేజరు గచ్చిబౌలిలో ఉన్నన్నాళ్లు వాడుకుని, తన దేశం వెళ్లిపోతూ అగ్గువకు వదిలేసిన పికప్ అది. పాతది, ఆటోమేటిక్. క్లచ్ ఉండదు, గేర్లు వాటంతట అవే పడతాయి. మా అన్న దాన్ని కొన్నది మా భోజనాల వ్యాపారం కోసం. నేను దాన్ని నాదనుకున్నది నా ఎడమ కాలి వల్ల. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ కాలిలో బలం తీసుకుపోయింది. క్లచ్ తొక్కలేను. ఈ బండికి ఎడమ కాలితో పనే లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి బండి వెనక కూర్చున్నదాన్ని, మణికొండలో వండిన అన్నం కూరలు మాదాపూర్ కంపెనీలకు నేనే నడుపుకుంటూ తీసుకెళ్లేదాన్ని. ఆ సుఖం రెండు కాళ్లూ బాగున్నవాళ్లకు చెప్పినా ఎక్కదు.

మా అన్న దాన్ని ఒక్కసారే నడిపాడు. క్లచ్ ఉందన్న అలవాటుతో ఎడమ కాలు గట్టిగా వేస్తే అది బ్రేకు మీద పడింది. బండి ఉన్నచోటే ఆగింది, సాంబారు మాత్రం ఆగలేదు. వెనకంతా పారింది. "బండిల ఏదో దోషముంది" అని దిగిపోయాడు. మళ్లీ ఆ సీటు ఎక్కలేదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో ఆ బండిలో చప్పుడు మొదలైంది. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ సన్నటి కూత, పిల్లి పిల్ల ఏడ్చినట్టు. బంద్ అంటే కంపెనీలకు తాళాలు, మాకు ఆరిన పొయ్యి, మగవాళ్లకు తీరిక. తీరికగా ఉన్న మగవాళ్లకు రోగమొచ్చిన బండి దొరికితే ఇక చెప్పాలా.

మా సందు చివర మెకానిక్ షెడ్డు పెట్టుకున్న ఉస్తాద్ ముందు వచ్చాడు. బండి కింద దూరి పానాతో నాలుగు చోట్ల కొట్టి, "బేరింగ్" అన్నాడు. జాకీ పెట్టి చక్రాలు తిప్పితే కిక్కురుమనలేదు. "అయితే గేర్ బాక్సే" అన్నాడు, ముందు నుంచీ అదే అంటున్నట్టు. మా మీది పోర్షన్‌లో కిరాయికుండే కోస్తా కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బాల్కనీలోంచే రోగం పట్టేశాడు. "టార్క్ కన్వర్టర్ పోయిందండి. నెట్‌లో అందరూ అదే అంటున్నారండి." అంటే ఈ బండిలో క్లచ్ బదులు పనిచేసే భాగమట. ఆ చప్పుడు అతను ఒక్కసారి కూడా విని ఉండడు.

నేను ఉండబట్టలేక అన్నాను. "నిలబెట్టి రేస్ చేసినా కూస్తుంది ఉస్తాద్. చక్రం తిరగకున్నా కూస్తే, చక్రంల తప్పేముంటది?"

ఉస్తాద్ నా వైపు చూడలేదు. మా అన్నతో, "అక్కను జర చాయ్ పెట్టమనరాదే" అన్నాడు.

ఆయన గేర్ బాక్స్ ఆయిల్ కూడా చూశాడు. ఇంజన్ ఆపి, కాసేపు ఆగి, కొలిచే కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి పైకెత్తాడు. "ఫుల్లుంది" అన్నాడు. ఇంజన్ ఆయిల్ చూసేది అలాగే. ఆయనకు ఏ ఆయిల్ అయినా ఒకటే. ఈలోగా బండి నిలిపే చోట నేల మీద ఎర్రటి మరకలు కనిపిస్తే, మా అన్న వాచ్‌మన్‌ను పట్టుకుని "గుట్కా తిని ఈడనే ఉమ్ముతవా" అని కడిగేశాడు. గుట్కా ముట్టనే ముట్టనని ఆ మనిషి ఒట్టేసి మొత్తుకున్నా వినలేదు.

చివరికి పంచాయితీ తేలింది. ఉస్తాద్ దగ్గర స్క్రాప్‌లో తీసిన మామూలు గేర్ బాక్స్ ఉంది. సోమవారం దీన్ని పీకి దాన్ని బిగిస్తాడు.

"అప్పుడు క్లచ్ వస్తదా?" అన్నాను.

"క్లచ్ లేకుంట గేర్లెట్ల పడ్తయి అక్కా?"

"మరి నేనెట్ల నడపాలె?"

"నువ్వెందుకు నడుపుడు?" అన్నాడు మా అన్న. "డ్రైవర్ను పెడ్త. ఇగ నువ్వు ఇంట్ల నిమ్మలంగ కూసో."

ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ఆదివారం రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు రోడ్డు మధ్యే పెట్టి, వండి, అక్కడే బంతులు వేసి తినడం. గుండిగలు, కట్టెలు మోసేది మా బండే. పొద్దున బ్యాటరీ లేవలేదు. "తోస్తే స్టార్టయితది" అని సందులో ఉన్న మగవాళ్లంతా చేరారు. ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్ట్ కాదని నేను చెబుతూనే ఉన్నాను. జై తెలంగాణ అంటూ సందు చివరి దాకా తోసి, చెమటలు తుడుచుకుని, బండిని బూతులు తిట్టారు. ఆఖరికి మీది పోర్షన్ కుర్రాడి కారు బ్యాటరీకి వైర్లు తగిలిస్తే స్టార్ట్ అయింది.

మళ్లీ లేవదేమోనన్న భయంతో రోడ్డు మీదికి వెళ్లాక కూడా ఇంజన్ ఆపలేదు. అది కూస్తూనే ఉంది. రెండో బంతికి ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు నవ్వారు. "ఏందే, నీ బండి గిట్ల ఏడుస్తుంది?" రేపటి నుంచి నేను ఏడవాల్సింది ఇవాళే అది ఏడుస్తున్నట్టనిపించింది. కోపంతో దిగి బానెట్ ఎత్తి గేర్ బాక్స్ ఆయిల్ కడ్డీ పట్టుకున్నాను.

"నడుస్తుంటె తియ్యొద్దక్కా" అని ఉస్తాద్ బంతిలోంచే అరిచాడు.

తీశాను. తుడిచి మళ్లీ ముంచాను. కడ్డీ పొడిగా వచ్చింది. కొసన మాత్రం ఇంత తడి, ఎర్రగా. వేలికి రాసుకుని చూశాను. వాచ్‌మన్ ఉమ్మాడన్న గుట్కా అదే. ఇంజన్ ఆగితే పైనున్న ఆయిలంతా కిందికి దిగి నిండుగా కనిపిస్తుంది. నడుస్తున్నప్పుడే అసలు లెక్క తేలేది. ఉన్న కాస్తా గేర్ బాక్స్‌లోని పంపుకు అందక అది మొత్తుకుంటోంది.

ఉస్తాద్ చెయ్యి కడుక్కుని, గొణుగుతూనే షెడ్డు షట్టర్ సగం ఎత్తి ఆ ఎర్ర ఆయిల్ డబ్బా తెచ్చాడు. కొంచెం కొంచెంగా పోశాను. కూత సన్నబడింది, ఆగిపోయింది. కింద ఒక పైపు క్లిప్పు వదులైంది. దాన్ని బిగించడం ఉస్తాద్‌కు రెండు నిమిషాల పని.

"నాకు మొదటి నుంచి ఆయిల్ మీదనే డౌట్" అన్నాడు ఆయన, మళ్లీ విస్తరి ముందు కూర్చుంటూ.

"ఆయిల్ అందకపోతే కన్వర్టర్ కూడా అలాగే చేస్తుందండి" అన్నాడు మీది పోర్షన్ కుర్రాడు. పడ్డా పైచెయ్యి వాళ్లదే.

జనం లేచాక మా అన్న దగ్గరికి వచ్చి, "అయినా రేపు గేర్లు పెట్టిద్దాం" అన్నాడు.

"సప్పుడు పోయింది కదనే."

"పోయింది. గని గేర్లయితే నేను గూడ నడుపుత కద."

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ మోగింది ఏమిటో. సాంబారు ఒలికిన రోజు నుంచి మా అన్నకు చెల్లెలు నడిపే బండిలో పక్కన కూర్చోవడం కష్టంగా ఉంది. ఆ మాట చెప్పడానికి నోరు రాక ఉస్తాద్ చెప్పే బేరింగ్, గేర్ బాక్సుల వెంట తిరిగాడు. జాలి కలగలేదు. నవ్వు కూడా రాలేదు.

"నేర్పుత రా అన్నా" అన్నాను. "ఎడమ కాలు వెనక్కి మడుసుకొని కూసో. అది లేదనుకో. నేను సిన్నప్పటికెల్లి గట్లనే బతుకుతున్న."

మా అన్న నా కాలి వైపు చూశాడు. గుండిగలు బండిలోకి ఎక్కించాడు. తర్వాత వచ్చి, నడిపే సీటు నాకొదిలి, పక్క సీట్లో కూర్చున్నాడు.