రెండు చప్పట్లు

కోంటా సంతలో మా పెద్దనాన్న కూతురు బట్టలు అమ్మేది. నేను జగదల్‌పూర్‌లో ఉంటూ ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఊరికి వచ్చినప్పుడల్లా సంతలో ఆమె పక్కనే ఒక బట్టల మూట మీద కూర్చునేవాణ్ణి. అక్క తన ఐదేళ్ల కూతుర్ని పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. దగ్గరుంటే "ఓ పిల్లా" అనేది. దూరంగా ఉంటే రెండు చప్పట్లు కొట్టేది.

కారణం నాకు సగమే తెలుసు. రాజుల పాలన పోయిన కొన్నేళ్లకు శబరి ఒడ్డున ఒక సాధువు మఠం పెట్టాడు. లోకం మునిగిపోతుందని, తన దగ్గరున్నవాళ్లే మిగులుతారని చెప్పాడు. పెద్దనాన్న దుకాణం అమ్మేసి పెళ్లాంబిడ్డలతో అక్కడికి వెళ్లిపోయాడు. సాధువు చనిపోయేదాకా, ఆరేళ్లు, అక్క అక్కడే పెరిగింది. అక్కడ ఇంకా చాలామంది పిల్లలు ఉండేవారట. వాళ్లంతా ఏమయ్యారో తెలుసుకోవాలని నాకు తెగ కోరిక. అడిగితే అక్క మాట మార్చేది. ఒక్కసారి మాత్రం చీర మడతపెడుతూ చెప్పింది.

"పేరు పెట్టి పిలిస్తే అది వింటదంట తమ్ముడూ. ఏట్లె ఉంటదంట. ఎవరి పేరు వింటే వాళ్లను తీస్కపోతదంట."

"ఏంది అది?"

"నాకేం ఎరుక? చూసినోళ్లు ఉంటే గదా చెప్పనీకి."

"నువ్వు నమ్ముతవా?"

"నమ్మను. గానీ పేరు నోట్లకెళ్లి రాదు."

మఠంలో పిల్లల్ని చప్పట్లతోనే పిలిచేవారట. రెండు చప్పట్లు వినగానే ఎక్కడివాళ్లు అక్కడ లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడాలట. ఇదంతా అక్క నవ్వుతూనే చెప్పింది.

ఒక చలికాలం సంతరోజున మధ్యాహ్నం పాప కనబడకుండా పోయింది. అక్క చెక్కపెట్టె ఎక్కి, ఎప్పుడూ లేనంత గట్టిగా రెండు చప్పట్లు కొట్టింది. పాప రాలేదు. కానీ ఎదురుగా చింతపండు తూస్తున్న ఒకావిడ తక్కెడ వదిలేసి లేచి నిలబడింది. చేతులు వెనక్కి పోయాయి. కళ్లు మూసుకున్నాయి. ఆమె పక్కన మంగలి కూడా గడ్డం గీయడం ఆపి అలాగే నిలబడ్డాడు.

"అరే భయ్యా, నిలబడి నిద్రపోతున్నవా ఏంది? సగం గడ్డంతో ఇంటికెట్ల పోవాలె?" అన్నాడు మొహాన సబ్బు నురగతో కూర్చున్న మనిషి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏళ్లుగా నేను వెతుకుతున్న మఠం పిల్లలు ప్రతి సంతలోనూ నా ఎదురుగానే ఉన్నారు.

ఇంతలో గాజులమ్మే ముసలమ్మ అంది: "గులాబి గౌను పిల్లనా? రేవు దిక్కు పోయింది గదా."

పరుగెత్తాం. ఆవలి ఒడ్డుకు మనుషులను, మేకలను ఎక్కించుకుని పడవ అప్పుడే రేవు వదిలింది. చివర్లో గులాబి గౌను. పాప అంచు మీదికి వంగి నీళ్లలో చెయ్యి ఆడిస్తోంది. అక్క చప్పట్లు కొట్టింది. మేకల గోలలో ఎవరికీ వినబడలేదు. నేను పేరు పిలవబోతే అక్క గబుక్కున నా నోరు మూసింది.

"వద్దు! ఏటి కాడ వద్దు!"

పాప ఇంకాస్త వంగింది. అక్క నా నోటి మీంచి చెయ్యి తీసేసి తానే పిలిచింది. పూర్తి పేరు, ఏరంతా మోగేలా.

పాప ఉలిక్కిపడి వెనక్కి జరిగి, మా వైపు చూసింది. పడవవాడు తిట్టుకుంటూ గడ వేసి పడవను వెనక్కి తిప్పాడు. పాప దిగీ దిగగానే అడిగింది: "అమ్మా, నువ్వేనా పిలిచింది?"

అక్క పాపను గట్టిగా పట్టుకుంది. వెనక్కి చూస్తే చింతపండు ఆవిడ, చేతిలో కత్తితో మంగలి నిలబడి ఉన్నారు. అక్కతో కలిపి ముగ్గురూ నీళ్ల వైపే చూస్తున్నారు. నేనూ చూశాను. పడవ కదిలించిన నీళ్లు మెల్లగా సర్దుకున్నాయి.

చింతపండు ఆవిడ అంది: "ఇంకోసారి పిలువు, చెల్లే."

అక్క పిలిచింది.