నల్లబెల్లం రోలరు

నన్ను జైలు గుమ్మం దాకా తీసుకెళ్ళిన వస్తువు కత్తి కాదు, దొంగనోటు అసలే కాదు. మూరెడు పొడవున్న సిరా రోలరు. ఈ కథ చివర నేను క్షేమంగానే ఉంటాను, లేకుంటే ఎవరు రాస్తారు? కానీ మధ్యలో ఆ నమ్మకం నాకే లేదు. మీరూ పెట్టుకోకండి.

మాది రేగొండ. ఏడో తరగతిలో లెక్కల సారుతో పొసగక నేనే బడిని క్షమించి వదిలేశాను. భూపాలపల్లిలో లేతు మిషను మీద పని నేర్చి, పాత అచ్చు మిషన్లు బాగుచేయడంలో దిగాను. ఈ కాలంలో ఆ పని డైనోసారుకు పళ్ళు కట్టడం లాంటిది. గిరాకీ తక్కువ, పోటీ మాత్రం అసలే లేదు.

అప్పుడు జనగామ నుంచి మా నానమ్మ చెల్లెలు అండాళవ్వ కబురు పెట్టింది. పెనిమిటి పోయాక ప్రెస్సును ఒంటిచేత్తో నడిపి, చివరికి మూసేసిన మనిషి. ఆమె దగ్గర ప్రూఫు మిషను ఒక్కటే మిగిలింది. సీసపు అక్షరాలు పేర్చి, సిరా పూసి, కాగితం పరిచి, పైనుంచి బరువైన ఇనుప దిమ్మ దొర్లిస్తే ఒక్క కాగితం పడుతుంది. తప్పులు దిద్దుకోవడానికి వాడే మిషను అది. నా తప్పులకు అలాంటిది ఇంకా ఎవరూ చేయలేదు.

"శుక్రారం పొద్దుగాల హైద్రాబాద్ నుంచి బొమ్మల కాలేజీ మేడమ్ వస్తాంది," అంది అవ్వ. "ఒక్క కాయితం సాఫ్‌గ పడితే తీస్కపోయి పిల్లలకు నేర్పిస్తదట. పడకపోతే శనారం పాత ఇనుము సేటు వస్తడు. సమ్మెటతోని పలగ్గొట్టి కిలోల లెక్కన జోకుతడు. మీ తాత చేతులరిగిన మిషను రా గది."

"అవ్వా, నువ్వు పరేషాన్ గాకు. నేనున్న గద."

"గందుకే పరేషాన్."

మిషనంతా నాలుగు రోజుల్లో దారికి తెచ్చాను. సిరా పూసే రోలరు మాత్రం ఎండాకాలపు చెరువులా నెర్రెలు విచ్చింది. ఫోన్లో వెతికాను, ఊళ్ళలో అడిగాను, ఎక్కడా లేదు. అవ్వే పాత పద్ధతి చెప్పింది. బెల్లం, సరేసు కలిపి ఉడికించాలి. సరేసంటే వడ్రంగులు వాడే బంక. అందులో చిటికెడు పటిక వేసి, పాత రోలరు కడ్డీని నిలబెట్టిన ఇత్తడి గొట్టంలో పోస్తే తెల్లారేసరికి రోలరు పేరుకుంటుంది.

"మానుకోటల మూతబడ్డ ప్రెస్సుల గొట్టమున్నది, అడిగి తే. బెల్లం ఈడ నేను చూస్త."

ఆమె మాట విని ఊరుకుంటే నేను సమ్మయ్యను ఎట్లా అవుతాను? గొట్టం తీసుకుని మానుకోట బజారులో నడుస్తుంటే నాకో శాస్త్రం తట్టింది. సిరా నల్లగా ఉంటుంది. బెల్లం కూడా నల్లదైతే అచ్చు ఇంకా నల్లగా పడదా? అయ్యా, నల్లబెల్లం, పటిక కలిపి గుడుంబ అనే నాటుసారా కాస్తారనీ, అందుకే వాటి మీద ఎక్సైజు వాళ్ళ కన్ను ఉంటుందనీ నాకు తెలియక కాదు. నేను కాచేది రోలరు కదా, నన్నెవరు ఆపుతారనుకున్నాను.

వెతగ్గా వెతగ్గా ఒక దుకాణదారు దొరికాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పశువులకేనా?"

"కాదన్న, అచ్చు మిషనుకు."

ఆయన నన్ను మెచ్చుకోలుగా చూశాడు. "మంచిగ చెప్పినవ్. అందరు పశువులకనే చెప్పి దొరుకుతాండ్లు."

అప్పుడైనా భయపడాలి కదా. పొంగిపోయి, చిటికెడు పటిక దేనికని గడ్డకు గడ్డే తీసుకున్నాను. ఉడికించడానికి పెద్ద గంజు కూడా కొన్నాను. అన్నీ బండికి కట్టుకుని బయలుదేరాను.

బెల్లమున్న చోటికి చీమలొస్తాయంటారు. నా బెల్లం దగ్గరికి ఎక్సైజు వాళ్ళ జీపు వచ్చింది. పెద్దవంగర దాటగానే అడ్డంగా ఆగింది. దిగిన ఎస్సై అరిచే మనిషైతే సగం భయపడేవాణ్ణి. ఆయన మెల్లగా మాట్లాడే రకం. కోడిని కోసేవాడు కూడా ముందు నిమురుతాడు.

"సంచిల ఏమున్నది, తమ్మీ?"

"బెల్లం, సార్."

కానిస్టేబులు సంచి విప్పాడు. "నల్లబెల్లం, సార్. పటిక. గంజు." గొట్టం పైకెత్తి, అందులోంచి ఒంటికన్నుతో నన్ను చూశాడు. "ఆవిరి పోయే పైపు గూడ ఉన్నది. పెండ్లికి పోయినట్టు అన్ని సదురుకున్నడు, సార్."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను తాటిచెట్టునే బండికి కట్టుకుని తిరుగుతున్నాను. నాలుక అంగిలికి సరేసు లేకుండానే అతుక్కుంది.

"రోలరు, సార్... బెల్లం ఉడికిచ్చి... పైపుల పోసి..."

"అంటే పైపుల పోస్తవ్," అన్నాడు ఎస్సై.

"పోస్త సార్. పొద్దుగాల తీస్త."

"రాసుకో," అన్నాడు కానిస్టేబులుతో. "ఒప్పుకుంటాండు."

అవ్వకు ఫోన్ చేయమని బతిమాలాను. స్పీకరు పెట్టారు.

"మా సమ్మిగాడు గుడుంబ కాస్తాండా?" అంది అవ్వ. "చాయ్ పెట్టుమంటే గిన్నె మాడగొడ్తడు, సార్. వానికంత తెలివుంటే నాకీ తిప్పలెందుకు?"

నా జన్మలో నాకు దొరికిన మంచి సాక్ష్యం అదే.

ఎస్సై గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "సరే. నా ముందట ఉడకబెట్టుండ్రి. పొద్దుగాల వస్త. రోలరైతే విడుస్త. కాకపోతే గదే పైపుతోని కేసు."

అలా జీపు వెంట రాగా జనగామ చేరాను. మా ఊళ్ళో పెళ్ళికొడుకుక్కూడా అంత ఊరేగింపు జరగదు. అవ్వ సంచిలోకి చూసి నెత్తి కొట్టుకుంది. "బెల్లమంటే బెల్లమే కద రా. నల్లదేంది, తెల్లదేంది?"

పెరట్లో పొయ్యి పెట్టాం. సరేసు కరిగేసరికి ఆ కంపుకు కానిస్టేబులు ముక్కు మూసుకుని వీధిలోకి పోయాడు. గుడుంబకు ఇంత చెడ్డ వాసన రాదని ఆయనే సర్టిఫికెట్ ఇచ్చాడు. మేం గొట్టంలో పోశాక, ఎస్సై, కానిస్టేబులు నా బండి తాళం చెవి తీసుకుని వెళ్ళిపోయారు. అది పేరుకోకపోతే మిషను ఇనుము సేటుకు, నేను ఎస్సైకి. ఎవరిని ముందు జోకుతారో అనుకుంటూ పొయ్యి పక్కనే కూచున్నాను.

శుక్రవారం పొద్దున ఒకే వాకిట్లోకి జీపూ, కాలేజీ మేడమ్ కారూ వచ్చాయి. గొట్టం బోర్లించాను. ఏమీ రాలేదు. తట్టాను. రాలేదు. కానిస్టేబులు నా పక్కకు ఒకడుగు జరిగాడు.

"లోపల నూనె రాసినవా?" అడిగింది అవ్వ.

నేను గొట్టంలోకి తొంగి చూశాను. "నువ్వు చెప్పలే."

"నీకు చెప్పుడెందుకని నేనే రాసిన. జర ఎండకు పెట్టు."

ఎండలో గొట్టం వేడెక్కింది, నేను చల్లబడ్డాను. అప్పుడు నల్లగా నిగనిగలాడుతూ, అప్పుడే కడిగిన బర్రెదూడలా రోలరు జారి బయటికొచ్చింది.

"అచ్చు ఏం కొట్టాలె, సార్?" అడిగింది అవ్వ, అక్షరాల పెట్టె ముందు కూచుని.

ఎస్సై గొంతు సవరించుకుని చెప్పాడు. అవ్వ పేర్చింది. నేను సిరా పూసి దిమ్మ దొర్లించాను. కాగితం ఎత్తితే ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు: "నల్లబెల్లం కొన్నా, అమ్మినా, దాచినా శిక్ష తప్పదు."

మేడమ్ కాగితాన్ని వెలుగుకు పట్టి చూసింది. "ఎంత చక్కటి నలుపు. మిషను మాదే. వచ్చే వారం లారీ పంపించి తీసుకెళ్తాను," అంది. అవ్వ కొంగుతో దిమ్మ తుడిచింది, దుమ్ము లేకపోయినా.

ఎస్సైకి కూడా ఆ నలుపు నచ్చింది. బండి తాళం నా చేతిలో పెట్టి, "తమ్మీ, గిసొంటియి మండలానికి వెయ్యి కావాలె, కొట్టిస్తవా?" అన్నాడు.

"కొట్టిస్త, సార్. కానీ అన్నిటికి ఈ ఒక్క రోలరు ఆగది. ఇంకో నాలుగు పొయ్యాలె."

"పొయ్యి. ఏం కావాలె దానికి?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ ఆకాశం వైపు చూసింది. కానిస్టేబులు మెల్లగా పుస్తకం తీశాడు.

ఆ వాకిట్లోనే, సీసపు అక్షరాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ మిషనుకు ఏ సామాను కావాలన్నా ముందు ఠాణాకు పోయి అడిగి, ఆ తర్వాతే బజారుకు పోతాను. ఆఖరికి చాయ్‌లోకి చక్కెరైనా సరే.