చేపల తొట్టిలో కంప్యూటర్

నా కంప్యూటర్ను చేపల తొట్టిలోకి దింపి, దాని నెత్తిన డబ్బాలకు డబ్బాలు నూనె కుమ్మరిస్తుంటే గుడ్లప్పగించి చూశాను. పోస్తున్నది ఇంకెవరైనా అయితే చెయ్యి పట్టుకుని లాగేసేదాన్నే. కానీ పోస్తున్నది నా మొగుడు. పులివెందులలో బోరు మోటర్లకు వైండింగ్ చేస్తాడు, ఆదివారాలు ప్రొద్దుటూరు వస్తాడు.

ప్రొద్దుటూరులో నాది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని. మిద్దె మీద రేకుల గది. మే నెలలో అందులో మనుషులే వేగిపోతారు, ఇక కంప్యూటర్ సంగతి చెప్పాలా? ఫ్యాన్లు గీపెట్టి గీపెట్టి, పని సగంలో ఉండగా చటుక్కున ఆగిపోయేది. అప్పుడు నా చేతిలో ఉన్నది జమ్మలమడుగు వాళ్ల నిఖా. పెళ్లికూతురి తండ్రి కువైట్‌లో డ్రైవరు, యజమాని సెలవివ్వలేదు. ఒక్కగానొక్క బిడ్డ పెళ్లి ఆయన చూడాలంటే నా వీడియోలోనే చూడాలి. బంధువుల ఫోన్లలో లేదా అంటారేమో. ఉన్నాయి, బిర్యానీ డేగిసాలూ, ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకున్న వీడియోలూ! కెమెరా అద్దెది, దాని కార్డు తుడిచేసి ఇంకో పెళ్లికి వాడేశారు. ఉన్నదంతా నా హార్డ్ డిస్క్‌లోనే. పెళ్లికూతురి తల్లి రోజు మార్చి రోజు ఫోన్ చేసేది.

"పాపా, మా ఇంటాయన నన్ను నిద్ర పోనీడంల్యా. యాడిదాకా వచ్చింది?"

ఆ ఆదివారం మళ్లీ ఆగిపోయింది. కంప్యూటర్ను తిట్టాను, ఎండను తిట్టాను, ఎదురుగా కూర్చుని తాపీగా మజ్జిగ తాగుతున్నాడని మొగుణ్ణి తిట్టాను.

"బోరు మోటరు యాడ తిరుగుతాది? నీళ్ల అడుగున. ఏండ్ల తరబడి మునిగే ఉంటాది. నీ పెట్టెకేం రోగం?" అన్నాడు ఆయన.

"నీళ్లలో ముంచుతావా ఏంది?"

"నీళ్లు గాదు. ట్రాన్స్‌ఫార్మర్లో పోసే నూనె. దాంట్లో కరెంటు పారదు. పెద్ద పెద్ద కంపెనీలోళ్లు ఇట్లనే జేస్తాండారు. రా, ఫోన్లో సూపిస్తా."

చూపించాడు. వరసగా తొట్లు, వాటిలో మునిగి వెలుగుతున్న బోర్డులు. ఇంకేమంటాను, పాత చేపల తొట్టీ నూనె డబ్బాలూ తెచ్చుకోమన్నాను.

హార్డ్ డిస్క్ను మాత్రం ముంచకూడదన్నాడు. దానికి గాలి పీల్చే సన్నటి రంధ్రం ఉంటుందట, అందులోకి నూనె పోతే ఇక అంతేనట. అందుకని దాన్ని తొట్టి పక్కన ముక్కాలిపీట మీద పెట్టి, తీగను తొట్టి అంచు మీదుగా లోపలికి వేశాడు. స్విచ్ వేసేటప్పుడు నేను గడప అవతలికి వెళ్లి నిలబడ్డాను.

పేలలేదు. పొగ రాలేదు. అసలు చప్పుడే లేదు. అన్నేళ్లుగా ఆ ఫ్యాన్ల రొద చెవుల్లో పెట్టుకుని బతికానేమో, అసలు పని చేస్తోందా లేదా అని తెరలోకి తొంగి చూశాను. గంటలు గంటలు తినే పని తడబడకుండా అయిపోయింది. దుమ్ము బెడద లేదు, మండే వాసన లేదు. వీధిలో వాళ్లంతా మెట్లెక్కి వచ్చి చూసి పోయారు. మా ఆయన మీద మొదటిసారి గర్వం కలిగింది, నిజం చెప్పొద్దూ.

తర్వాత తెలిసొచ్చాయి దాని తిప్పలు. తొట్టిని అంగుళం జరపాలన్నా ఇద్దరు మనుషులు కావాలి. లోపల చిన్న ముక్క మార్చాలంటే మోచేతుల దాకా నూనె, ఆ చేతుల్తో తలుపు పట్టుకుంటే తలుపంతా జిడ్డు. సాయంత్రానికి ఆ నూనె కాస్తా స్నానం నీళ్లలా కాగేది. ఆయన ఒక పంపు, పాత కారు రేడియేటర్ తెచ్చి బిగించి దాన్ని చల్లార్చాడు. అన్నీ ఓర్చుకున్నాను. నిఖా వీడియో దాదాపు పూర్తయింది.

ఒక పొద్దున స్విచ్ వేస్తే తెర మీద డిస్క్ కనిపించలేదు. పీట దగ్గర వంగి చూశాను. తీగను తడిమితే పొడిగానే ఉంది. డిస్క్‌కు గుచ్చిన దాని ప్లగ్గు ఊడబీకేసరికి దాని నోట్లోంచి నూనె బొట్లు బొట్లుగా కారింది. డిస్క్ పైనంతా జిడ్డు. దీపం వత్తిలో పాకినట్టు నూనె తీగ లోపలే పాకి, తొట్టి అంచు ఎక్కి, అవతలికి దిగి, మేం ఏ రంధ్రాన్ని కాపాడామో అందులోకే దూరింది. వెంటనే పులివెందులకు ఫోన్ చేశాను. కబురు విని వచ్చిన మా ఆయన తీగను అటూ ఇటూ తిప్పి చూశాడు. బోరు మోటర్ తీగలు తప్ప ఇలాంటివి ఆయనెప్పుడు చూశాడు? అందులోది బయటికి తీస్తారేమోనని డిస్క్ను బెంగళూరు పంపించాం. వీడియోలో ఒక్క ముక్క కూడా తిరిగి రాలేదు.

జమ్మలమడుగు వెళ్లి చెప్పాను. పెళ్లికూతురి తల్లి "ఆయనకు నేను జెప్పలేను. నువ్వే జెప్పు" అని కువైట్‌కు వీడియోకాల్ కలిపి ఫోన్ నా చేతికిచ్చింది.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "శానా సార్లు సూసింటావు గదమ్మా, ఏం జరిగిందో నువ్వే జెప్పు" అన్నాడు. చెప్పాను. సంతకం పెట్టబోతే కలం రాయకపోవడం, అమ్మాయి దాన్ని విదిలించడం, చేతుల గోరింట, ముసుగు కింద వణికిన గడ్డం, అన్నీ చెప్పాను. ఆయన కదలకుండా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"కారెక్కేటప్పుడు నాకోసం యాడన్నా సూసిందామ్మా?"

ఆ ఘట్టమంతా వీడియోలో పెళ్లికొడుకు స్నేహితుల వీపులే. చూసిందని ఒక అబద్ధం ఆడదామని నోరు తెరిచాను. ఈలోగా తల్లి ఫోన్ వైపు వంగింది.

"సూళ్లేదు. నువ్వు పొయ్యేటప్పటికి దానికి నడక గూడా రాదు. పండగలకు ల్యావు, జొరాలొస్తే ల్యావు. ల్యానోనికోసం యాడ సూస్తాదబ్బా?"

కోపంగా కూడా అనలేదు ఆమె. లైను తెగిందేమోనని ఫోన్లోకి చూశాను. తెగలేదు. ఆయన మా ఇద్దరినీ చూస్తూనే ఉన్నాడు.