మిగిలిన కౌన్సిలింగుకు ఆడబిడ్డను పిలిచాను

ఫీజు కట్టి మరీ పరువు పోగొట్టుకున్న మనిషిని మీరు ఇంతవరకు చూడకపోతే నన్ను చూడండి. నిరుడు ప్రొద్దుటూరులో, ఫ్యాను కింద, మెత్తని కుర్చీలో కూర్చుని పోగొట్టుకున్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. సాక్షిని కూడా నేనే పిలిపించుకున్నాను.

పులివెందులలో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన కొన్నాళ్ళకే మా మనవరాలు హారిక మూగదానిలా అయిపోయింది. కాలేజీకి పోదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంది. ఏమైందని అడిగితే గోడవైపు తిరుగుతుంది. పిల్ల ఇట్లే చిక్కిపోతే ఏం గతి అని మా కోడలు ఏడుపు. ప్రొద్దుటూరులో సునీతమ్మ అని కౌన్సిలింగు చేసే ఆమె ఉంది, ఎదిగే పిల్లలనూ పెద్దలనూ చూస్తుంది, తీసుకుపొమ్మని కాలేజీ మేడమ్ చెప్పింది. కొడుకూ కోడలూ చీనీకాయల తోట విడిచి కదల్లేరు. నేను బయలుదేరాను.

డాక్టరమ్మ అంటే సూదో మాత్రో ఉంటుందనుకున్నాను. సునీతమ్మ కనీసం నాలుక చాపమని కూడా అనలేదు. ఎట్లున్నావని హారికను అడిగి ఊరుకుంది. పిల్ల మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు. గంటకని ఫీజు ముందే కట్టించుకున్నారు, ఇక్కడేమో ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. ట్రాక్టరును బాడుగకు తెస్తే, డ్రైవరు ఇంజను ఆపకుండా గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నట్టుంది నాకు. మీరైతే ఊరుకుంటారా? నేను ఊరుకోలేదు. తిండి లేదని చెప్పాను, నిద్ర ఎక్కువని చెప్పాను, అంతా సెల్‌ఫోను వల్లనేనని కూడా చెప్పాను. సునీతమ్మ ఏ ప్రశ్న వేసినా, పిల్ల పెదవి కదిలించేలోపు నా జవాబు పోయి బల్ల మీద కూర్చునేది.

ఆమె కోప్పడలేదు. "అవ్వా, పాప మీద ప్రేమతోనే చెప్తాండారు. అయినా ఆమెనే చెప్పనీండి. చెప్పకపోయినా ఏం కాదు, నేను కూర్చుంటా."

"ఆమె చెప్పకపోతే ఫీజు వాపసు ఇస్తారా?"

"ఇయ్యం అవ్వా. మీరు రోంతసేపు బయట కూర్చోండి."

బయటకు వచ్చిన హారికను ఏం మాట్లాడావని అడిగితే, ఏమీ లేదని తల ఊపింది. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ కట్టిన ఫీజునే లెక్కపెట్టుకున్నాను. కూర మిగిలితే పక్కింటికి పంపుతాం. మరి కౌన్సిలింగు మిగిలితే?

అప్పుడు గుర్తొచ్చింది ఓబులమ్మ. నా ఆడబిడ్డ, జమ్మలమడుగులో ఉంటుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని అప్పుడప్పుడూ అంటూ ఉంటుంది. కోడలి పోరు వల్లనే అని నేను ఎప్పుడో తేల్చి పెట్టాను. ఆడవాళ్ళకు బస్సు ఊరికే కాబట్టి రాకపోకల ఖర్చు కూడా లేదు. ఫోన్ చేసి వచ్చే వారం ప్రొద్దుటూరు బస్టాండుకు రమ్మన్నాను.

"నాకేమైంది వదినా?" అంది.

"అది ఆడ చెప్తారులే."

ఆ వారం ముగ్గురమూ లోపలికి పోయాం. పిల్ల ఎటూ నోరు విప్పదు, ఆ మిగిలిన సమయంలో ఈమె నిద్ర సంగతి చూడమని సునీతమ్మకు విడమరిచి చెప్పాను. ఈ గంట హారికది, హారిక ఒప్పుకోవాలి అంది ఆమె. నిజంగానే అడిగింది కూడా. పిల్ల నన్ను చూసి, ఓబులమ్మను చూసి, సరేనన్నట్టు తల ఊపింది. నా పొదుపు బుద్ధి దానికీ అబ్బిందని మురిసిపోయాను.

నిద్ర ఎందుకు పట్టడం లేదమ్మా అని సునీతమ్మ ఓబులమ్మను అడిగింది. "కోడలితో..." అని నేను ఎత్తుకున్నాను. సునీతమ్మ చెయ్యి కొంచెం పైకి లేచింది. ఆగిపోయాను.

"కోడలితో నాకేం లేదు మేడమ్, శానా మంచి పిల్ల" అంది ఓబులమ్మ. "ఈమె ఫోన్ చేసిన దినమే నాకు నిద్ర రాదు. ఏం కూర చేసినావని అడిగేదీ ఈమే. వంకాయ చేసింటావులే అనేదీ ఈమే. వంకాయ తింటే కీళ్ళు పట్టుకుంటాయని తిట్టేదీ ఈమే. ఆ పొద్దు నేను చేసింది చిక్కుడుకాయ మేడమ్."

గదిలో ఏదో కిచకిచమంది. ఫ్యానేమో అనుకున్నాను. హారిక నవ్వుతోంది. ఎన్నాళ్ళకో విన్న నవ్వు. అది నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, నోరు విప్పింది.

"నాదీ అదే మేడమ్."

తర్వాత ఆపకుండా చెప్పింది. కాలేజీలో చేర్చే రోజున ఏ గ్రూపు కావాలమ్మా అని క్లర్కు దాన్నే అడిగాడట. సీఈసీ అనే మాట నాలుక మీదికి వచ్చిందట. ఈలోపు నేను ఎంపీసీ అనేశానట. ‘అట’ ఎందుకులెండి, నిజంగానే అనేశాను. ఎంపీసీ అంటే ఏమిటో రెండో తరగతితో బడి మానేసిన నాకు తెలియదు. ఎదురింటి పిల్ల తన ఎంపీసీ పుస్తకాలు ఊరికే ఇస్తానందని మాత్రం తెలుసు. ఇప్పుడు లెక్కల క్లాసంటే దానికి చేతులు చల్లబడుతున్నాయట, ఊపిరాడటం లేదట.

"నాతో చెప్పింటే అయిపోయేది కదమ్మే" అన్నాను.

"యాడ చెప్పనిచ్చినావు జేజీ?"

దానికి కూడా జవాబు చెప్పబోయాను. ఈలోపు సునీతమ్మ నావైపు తిరిగి, "మీకెట్లుందవ్వా?" అని అడిగింది. అందరి తరఫునా జవాబులున్న నా దగ్గర ఈ ఒక్కదానికే లేదు. బాగున్నానని చెప్పబోయి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. ఆమె మెత్తని కాగితాల డబ్బా నా ముందుకు జరిపింది. ఒకటి తీసి రెండుగా చించి, సగం ఓబులమ్మకు ఇచ్చాను. ఆమె ఏడవటం లేదు, అయినా ఇచ్చాను.

కాలేజీవాళ్ళు గ్రూపు మార్చడానికి ఒప్పుకున్నారు. సీఈసీ పుస్తకాలు కొత్తవే కొన్నాను, బేరం కూడా ఆడలేదు. హారిక ఇప్పుడు సంగటి రెండో ముద్ద అడిగి తింటుంది. మాటలంటారా, నాకు సందివ్వదు.

కాబట్టి పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా నన్ను ఎరిగిన వాళ్ళందరి సాక్షిగా, మా ఇంటి దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో కౌన్సిలింగుకు ఎవరినీ వెంట పిలుచుకుపోను. నా మీద చెప్పుకోవలసింది ఉన్నవాళ్ళు ఎవరి ఫీజు వాళ్ళే కట్టుకోవాలి.