బోర్లించిన గ్లాసు

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం, మహబూబ్‌నగర్ దవాఖానలో, పది రోజులు నొప్పితో కొట్లాడి పోయింది. కోస్గి దగ్గరి మా ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "కల్లు తాగి తాగి పానం మీదికి తెచ్చుకుంది." ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే కాబట్టి నేనే రాస్తున్నాను.

మొదటిసారి నొప్పి వచ్చింది నిరుడు బోనాలప్పుడు, మా ఇంట్లోనే. తిన్న కాసేపటికి పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడిచింది. వెల్లకిలా పడుకోలేక, దిండును పొట్టకు అదుముకొని ముందుకు వంగి కూర్చుంది. గ్యాసేమోనని సోడా తాగించాం. వాంతులు ఆగకపోతే దవాఖానకు తీసుకుపోయాం. తాగే అలవాటుందా అని డాక్టరమ్మ అడిగితే, అత్త నోరు తెరిచేలోపే నేను చెప్పాను: "పండుగలకు కల్లు తాగుతది మేడం." రక్తపరీక్ష చేసి, క్లోమం వాచిందన్నారు. సెలైన్లు ఎక్కించి, నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. "నన్ను ఉపాసం పండవెడుతున్రు గని, మొక్కు ఎవరిదిరా?" అని ఆ నొప్పిలోనూ నన్ను నవ్వించింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. కల్లు ముట్టొద్దు. ఇక స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనపడ్డాయి, జబ్బు వాటివల్లే వచ్చింది, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించండి. రెండింట్లో మాకు సులువైనది పట్టుకొని ఇంటికొచ్చాం. ఊళ్లో అడిగినవాళ్లందరికీ కల్లువల్లే వచ్చిందని నేనే చెప్పాను.

నేను సైన్సు మాస్టర్ని. క్లోమం ఎక్కడుంటుందో, పిత్తరసం ఏ దారిన పోతుందో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తాను. ఏం చదువో, సిగ్గేస్తుంది. "గా రాళ్ల ముచ్చట ఏమైందిరా?" అని అత్త రెండుసార్లు అడిగింది. "కందికోత కానీ అత్తా" అన్నాను ఒకసారి. రెండోసారి, "కల్లు మానినవు గద, తక్కువైంది గద" అన్నాను. ఆ కందులు కోసింది ఆమె, పప్పు వండుకొని తిన్నది మేము.

ఆ ఏడాది ఎవరింట్లో దావత్ అయినా, కల్లు లొట్టి తన దగ్గరికి రాగానే ఆమె తన స్టీలు గ్లాసు బోర్లించేది. "నోరు కట్టేసుకున్న. ఇగ నువ్వు ఆకలికి సావు" అని పొట్టలోని రోగాన్ని బెదిరించేది. మేమంతా మెచ్చుకునేవాళ్లం. అత్తను నేనే బాగుచేశానని స్టాఫ్‌రూములో చెప్పుకున్నాను కూడా.

అత్త మళ్లీ దిండు అదుముకొని కూర్చుందని ఫోన్ రాగానే దవాఖానకు తీసుకుపోయాను. అదే డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, "ఆపరేషన్ చేయించలేదా?" అంది.

"కల్లు మానేసింది మేడం" అన్నాను.

ఆమె కాగితాలు మడిచి అత్త మంచం దగ్గరికి పోయింది. తిట్టినా బాగుండేది. ముందు కిడ్నీలు పనిచేయడం ఆగిపోయింది, తర్వాత ఊపిరి.

మూడోనాడు అత్త పేరున పిట్టకు ముద్ద పెట్టేటప్పుడు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టాలన్నారు పెద్దలు. మాంసం పెట్టారు, గారెలు పెట్టారు. కల్లు కూడా తెప్పించారు. అత్త గ్లాసు వంటింట్లో బోర్లించే ఉంది. నేనే తెచ్చి, తిరగేసి పెట్టి, అంచుదాకా పోశాను.